రెండక్షరాలు

నా సామ్రాజ్యపు ఎల్లలు చెప్పడం తేలిక. తూర్పున కిటికీ, పడమర బట్టల బీరువా, ఉత్తరాన చెమ్మ పట్టిన గోడ, దక్షిణాన నా భార్య కుట్టుమిషను. నడుమనున్న బల్ల రాజధాని. అక్కడ కొలువుతీరి నేను ఇతరుల జీవితచరిత్రలు రాస్తుంటాను. అట్ట మీద వారి పేరుంటుంది. నా పేరు లోపల కూడా ఉండదు. ఎవరి దగ్గరా ఉద్యోగం చేయను గనుక లోకం నన్ను స్వతంత్ర రచయిత అంటుంది. ఆ స్వాతంత్ర్యాన్ని ముగ్గురు మంత్రులు పంచుకుని అనుభవిస్తున్న సంగతి లోకానికి తెలియదు.

మొదటివాడు టైపిస్టు. నేను రికార్డు చేసి తెచ్చిన మాటలు విని అక్షరాలుగా కొట్టి పంపడం అతని పని. ఏది అడిగినా ‘రేపు’ అనడం వల్ల మా ఇంట్లో అతనికి రేపటిరాయుడన్న బిరుదు స్థిరపడింది. రెండవవారు పండితులుగారు. ముప్పై ఏళ్లు బడిలో భాష బోధించి విరమించిన పెద్దలు, అచ్చుతప్పులు దిద్దుతారు. మూడవవాడు పేజీలు కూర్చి, అచ్చు వేయించి, పుస్తకం చేతికిచ్చే డీటీపీ దొర. అతని దర్శనం దుర్లభం కావడం చేత ఆ దొరతనం వచ్చింది. ఎప్పుడు ఫోను చేసినా వాళ్ల వదిన ఎత్తి, “ఇప్పుడే బయటికెళ్లాడండీ” అంటుంది. ఆ ‘ఇప్పుడే’ ఆరేళ్లుగా జరుగుతోంది.

వీరిని మార్చకూడదా అని మీరు అడగవచ్చు. వీరు మార్చగా వచ్చినవారే. వీరికి ముందున్న మహానుభావుడొకడు, నేను రాసిన ఒక పళ్ల డాక్టరు బాల్యాన్ని ఊరూ పేరూ మార్చి ఒక కాంట్రాక్టరు బాల్యంగా చెలామణి చేశాడు. అతనితో పోలిస్తే వీరు ముగ్గురూ ధర్మదేవతలు.

వానలు మొదలైన వారంలో గొడుగుల పెద్దమ్మ నాకు కబురు చేసింది. బస్టాండు వెనక సందులో గొడుగులు బాగుచేసే ఇరుకు దుకాణం ఆమెది. వంగిన ఊచలను భర్త సరిచేస్తే, చిరిగిన గుడ్డను ఆమె కుట్టేది. అలా నలభై ఏళ్లు. భర్త పోయి రెండేళ్లయింది. దుకాణం మూసి కూడా రెండేళ్లు. అయినా ఆమె రోజూ పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, గల్లాబల్ల వెనక తన ముక్కాలిపీట మీదే కూర్చునేది. ఎవరూ వచ్చి తీసుకుపోని గొడుగులు పైన కొక్కేలకు ఇంకా వేలాడుతున్నాయి.

కంటి డాక్టరు ఆమెకు విషయం దాచకుండా చెప్పాడు. చూపు నడిమధ్య అరిగిపోతోంది. అంచులు మిగులుతాయి, మనిషి వచ్చాడో లేదో తెలుస్తుంది, అక్షరం మాత్రం తెలియదు. పెద్ద అక్షరాలైతే భూతద్దంతో ఇంకో మూడు నెలలు చదవవచ్చు. ఆ తరువాత లేదు.

“నాకు ఒక్క పుస్తకం చాలు బాబూ. మా ఇద్దరి సంగతీ. పెద్ద పెద్ద అక్షరాలు వేయించు. నేనే చదువుకోవాలి, ఇంకొకరు చదివి పెట్టడం కాదు.”

ఒక్క షరతు పెట్టింది. భర్త ఆమెకు ఎదురింటి పిల్లవాడు. గోళీలాట నాటి నుంచీ ఆమెకు అతను ‘వాడు’. పెళ్లి కాగానే అత్తగారు ఆ మాట నోట వినబడకూడదంది. అంచేత నలుగురిలో ‘ఆయన’ అనడం నేర్చుకుంది. సాయంత్రం షట్టరు దించాక మళ్లీ వాడే.

“నలభై ఏళ్లు ఆయన, ఆయన అన్నాను. ఆ ఆయనెవరో నాకు తెలీదు బాబూ. నేను కాపురం చేసింది వాడితో. పుస్తకంలో వాడు అనే ఉండాలి. ఆ మాట అచ్చులో ఒక్కసారి చూసుకోవాలి నేను.”

చూపిస్తానన్నాను. రాజులు మాట ఇవ్వడంలో వెనుకాడరు.

తొమ్మిదిసార్లు వెళ్లి పదకొండు గంటల మాటలు రికార్డు చేశాను. వెనక వాన చప్పుడు, మధ్యమధ్య ఆమె నవ్వు. వాటిని రేపటిరాయుడికి అప్పగించి రెండు వారాలు గడువిచ్చాను. మూడవ వారంలో అతని కుర్చీ కాలు విరిగింది. నాలుగవ వారంలో కుర్చీ కాలు బాగుచేసేవాడికి జ్వరం వచ్చింది. ఐదవ వారంలో కీబోర్డు మీద ‘వ’ అక్షరం మీట ఊడిపోయిందని, నేను నమ్మనేమోనని, అరచేతిలో ఆ మీటను పెట్టుకుని ఫొటో తీసి పంపాడు. వానా, వాడూ, వంకర ఊచలూ తప్ప మరేమీ లేని పుస్తకంలో సరిగ్గా ఆ అక్షరమే ఊడిందంటే విధికి కూడా ఒక టైపిస్టు ఉన్నాడనీ, అతనూ రేపటిరాయుడేననీ నాకు అర్థమైంది.

“మీ మంత్రివర్గం ఇవాళ కూడా కొలువు తీరలేదా?” అంది నా భార్య, మిషను ఆపకుండానే. ఆ పదకొండు గంటలూ నేనే కూర్చుని విని కొట్టుకోవచ్చు కదా అని కూడా అంది. చేతిలో ఇంకో రెండు పుస్తకాలున్నాయనీ, రాజు తన గుర్రానికి తానే గడ్డి కోయడనీ సమాధానమిచ్చాను. ఆమె దారం తెంపింది.

ఈలోగా అప్పుడప్పుడు దుకాణానికి వెళ్లి వస్తుండేవాణ్ణి. మొదట్లో సందు మొదట ఉండగానే నన్ను పోల్చుకునేది. ఐదవ వారంలో గల్లాబల్ల దాకా వచ్చినా ఎవరని అడిగింది. గోడ మీది క్యాలెండరు ఆమెకు పరీక్ష. రోజూ పొద్దున భూతద్దం పట్టుకుని ఆనాటి అంకె చదివేది. ఏడు తెలుస్తోందనీ, ఎనిమిదికి వంకరలెక్కువ గనుక దాన్ని లెక్కకట్టి తెలుసుకోవలసి వస్తోందనీ నవ్వుతూ చెప్పింది. పుస్తకం ఎంతవరకు వచ్చిందని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నేను కోపం తెచ్చుకోవడానికి కొంత వీలుండేది.

ఏడవ వారంలో అక్షరాలు వచ్చాయి. పన్నెండు రోజుల్లో పుస్తకం రాశాను. ఆమె మాటకు అడ్డు రాకుండా, ఆమె ‘వాడు’ అన్నచోటల్లా వాడనే ఉంచి రాశాను. నా వృత్తిలో నేను సిగ్గుపడకుండా చెప్పుకోగలిగిన పని అదొక్కటే. ప్రతిని పండితులుగారికి పంపుతూ పైన చీటీ అంటించాను: ‘మనవి. ఈ పుస్తకంలో వాడు అన్న మాటను ఎక్కడా ఆయనగా మార్చవద్దు.’

పండితులుగారు దాన్ని రెండు వారాలు ఉంచుకున్నారు. ఆ రెండు వారాల్లో ‘ఊచ’లో చకారం ఏ జాతిదో చర్చిస్తూ నాకు రెండు ఉత్తరాలు రాశారు. చివరకు ‘ఆసాంతము చూడబడినది’ అని సంతకం చేసి ప్రతిని నేరుగా దొరకు పంపారు. దొర, వదినగారి సహకారంతో, తొమ్మిది రోజులు ఇప్పుడే బయటికెళ్లి, పదవనాడు పుస్తకంతో ప్రత్యక్షమయ్యాడు. మూడు నెలలు నిండడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నేను గెలిచాననుకున్నాను.

అట్ట చూశాను. కుట్టు లాగి చూశాను. మొదటి పేజీ మూడుసార్లు చదివాను, మూడుసార్లూ నా వాక్యాలను మెచ్చుకుంటూ. ఎదురింటి పిల్లవాడు నాలుగవ పేజీలో వస్తాడు. నేను నాలుగవ పేజీకి వెళ్లలేదు.

పెద్దమ్మ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుని, గుడ్డ మందం చూసినట్టు కాగితాన్ని బొటనవేలితో నలిపి చూసింది. భూతద్దం తీసింది. చూపు అంచుల్లోనే మిగిలింది గనుక పేజీ నుంచి ముఖం తిప్పుకుని పక్క నుంచి చూడాలి, అలగినవాళ్లు చూసినట్టు. చాలాసేపు చూసి, వరస కట్టి చదవడం ఇక కుదరదని తానే తేల్చింది.

“నువ్వు చదువు. వాడొచ్చే చోట ఆపు.”

నాలుగవ పేజీ తీశాను. నేను రాసినది ఇది: వాడు మా ఎదురింటివాడు. బడికి పోయేవాడు గానీ చదివేవాడు కాదు. నా పలక వాడికిచ్చి నేను దెబ్బలు తినేదాన్ని. అచ్చయినది ఇది: ఆయన మా ఎదురింటిఆయన. బడికి పోయేఆయన గానీ చదివేఆయన కాదు. నా పలక వాడికిచ్చి నేను దెబ్బలు తినేదాన్ని.

పేజీలు తిప్పాను. వాడుకలో లేని గొడుగులు ‘ఆయనకలో లేని గొడుగులు’ అయ్యాయి. ఆమె వాడుతున్న సూది ‘ఆయనతున్న సూది’ అయింది. సాయంత్రం ఆయన వచ్చేసరికి వాడికి టీ కాచి ఉంచేది. ఒకే మనిషిని అరవై ఏళ్లు ప్రేమించిన ముసలామె ఇంట్లోకి నా పుస్తకం ఇంకో మగవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టింది.

ఇది ఎలా జరిగిందన్నది నాకు తరువాత తెలిసింది గానీ, చరిత్రకారుడిగా ఇక్కడే చెప్పేస్తాను. పండితులుగారు నా ప్రతిలో పూర్తిగా చదివినది ఒకే ఒక వాక్యం. అది నేను అంటించిన చీటీ. చదివి, వారి అలవాటు చొప్పున దాన్ని కూడా దిద్దారు. “‘మార్చవద్దు’ అని తప్పు పడింది నాయనా, ‘మార్చాలి’ అని సరిచేశాను. కట్టుకున్నవాణ్ణి ఎవరైనా వాడంటారా? నీ పరువు కాపాడాను” అన్నారు. దిద్దిన చీటీ దొరకు ఆజ్ఞ అయింది. దొర కంప్యూటరుకు చెప్పాడు, వాడు అని ఎక్కడుంటే అక్కడ ఆయన అని పెట్టమని. మాట మొదట్లో ఉన్నదా, చివర ఉన్నదా అని కంప్యూటరు చూడదు. ‘వాడికి’, ‘వాడితో’ అన్నవాటిలో ఆ రెండక్షరాలు అచ్చంగా లేవు గనుక అవి బతికిపోయాయి. “ఒక్క నొక్కుతో ఆరువందల పన్నెండు చోట్ల మారిపోయింది సార్” అన్నాడు దొర. ఆ గొంతులో గర్వం ఉంది.

పెద్దమ్మ ఎదురుచూస్తోంది. నేను చదవడం మొదలుపెట్టాను. ‘ఆయన’ అని ఉన్నచోటల్లా ‘వాడు’ అని చదివాను. కళ్లు ఒకటి చూస్తుంటే నోరు ఇంకొకటి చెప్పడం నాకు కష్టం కాలేదు. నా వృత్తి అదే కదా. ఆమె పెదవులు నాతోపాటు కదిలాయి. పలక దగ్గర నవ్వింది.

“ఏదీ, ఆ మాట మీద నా వేలు పెట్టు.”

పెట్టక ఏం చేయను. ఆమె రెండవ చేత్తో భూతద్దం దించి, ముఖం పక్కకు తిప్పి చూసింది.

“వాడు రెండక్షరాలు కదా బాబూ. ఇక్కడ మూడున్నాయి.”

వేలు పక్క మాట మీద పడిందన్నాను. మూడవ వాక్యంలో ‘వాడికిచ్చి’ కనిపించింది. ఆమె వేలును అక్కడికి జరిపి, ‘వాడి’ తరువాతి అక్షరాలను నా బొటనవేలితో కప్పాను. ఆమె చాలాసేపు చూసింది. నలభై ఏళ్లు నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టిన మనిషి.

“రెండే ఉన్నాయి. కానీ డకి కొమ్మేదీ? పైన గుడి ఉన్నట్టుంది.”

నిజం చెప్పవలసిన క్షణం అదేనని నాకు తెలుసు. చెబితే, పుస్తకం మళ్లీ దొర దగ్గరికి పోవాలి. ఆమెకున్నవి నాలుగు రోజులు. దొరనూ, పండితులుగారినీ, ఊడిన మీటనూ తిట్టుకుని ఉండవచ్చు, ఇద్దరం కలిసి. కానీ నాలుగవ పేజీ ఎందుకు చూడలేదని ఆమె అడిగి ఉంటే?

“కొమ్మే ఉందమ్మా,” అన్నాను. “కళ్ల వల్ల అలా కనిపిస్తోంది మీకు.”

ఆమె భూతద్దాన్ని పమిటతో తుడిచింది.

“అలాగా. పొద్దున క్యాలెండరులో ఒకటి చూశాననుకున్నాను. అదీ చూడలేదన్నమాట.”

ఆ రోజు ఒకటో తేదీ. ఆమె సరిగ్గానే చూసింది. నేను ఆ మాట అనలేదు.

“ఇది నువ్వే ఉంచుకో బాబూ,” అంటూ భూతద్దం నా చేతిలో పెట్టింది. “అచ్చులో తప్పులు చూసుకునేవాళ్లు మీరు. మీకు పనికొస్తుంది.” వద్దనబోతే, తనకు ఇక దేనికని అడిగింది. మిగిలినది చదవమంది. చదివాను, చివరి పేజీ దాకా, ఆరువందల పన్నెండుసార్లు అబద్ధమాడుతూ. ఒక్కచోట కూడా తడబడలేదు.

సరిచేసిన పుస్తకం ఇరవై ఆరు రోజులకు వచ్చింది. ఈసారి ఎవరినీ నమ్మకుండా, ఆ భూతద్దం పట్టుకుని ప్రతి పేజీ నేనే చూశాను. వాడు అన్నిచోట్లా ఉన్నాడు, కొమ్ముతో సహా. తీసుకువెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. అప్పటికి షట్టరు ఎత్తడం మానేసింది. లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. అట్ట తడిమి, మొదటిదానికీ దీనికీ తేడా ఏమిటని అడిగింది.

అట్ట కొంచెం గట్టిది వేయించానని చెప్పాను.