నా పడక్కుర్చీ ప్రయాణం

ఇల్లు సర్దడంలో నన్ను మించినవాడు లేడు. మా ఆవిడకు మోకాలు నొప్పి చేసినప్పుడు ఒక్క పూటలో పన్నెండు బస్తాల చెత్త బయట పడేశాను.

"నడవడానికి చోటు లేదు. ఆ పడక్కుర్చీ కూడా పాతసామాన్లవాడికి ఇచ్చేస్తాను, గుమ్మం బయట పెట్టండి," అంది.

నలభై ఏళ్లుగా నా నడుము అచ్చు పడిన కుర్చీ అది. గుండె రాయి చేసుకుని బయట పెట్టాను.

మరుసటి నెల మా ఆవిడతో కలిసి బావమరిది ఇంటికి వెళ్తే, వాడు అందులోనే కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"రండి బావా! అక్క పంపించింది. భలే సుఖంగా ఉందిలే!"

మా ఆవిడ గోడ గడియారం చూస్తోంది.

"నా నడుము అచ్చులో నీ తమ్ముణ్ణి కూర్చోబెట్టావా?"

"వాడికని చెబితే మీరిస్తారా?"

ఇప్పుడు మా ఇంట్లో కుర్చీ ఉండే ఆ ఖాళీలో నేలమీదే కూర్చుంటున్నాను.

అన్నట్టు, పన్నెండు బస్తాలన్నది నా కల్పన. ఆ పూట నేను బయట పెట్టింది కుర్చీ ఒక్కటే.