మొక్కు పుంజు

కోడికి భయపడతావా అని నవ్వేవాళ్లను ఒక్క పొద్దు మా పెరట్లో బిందె నింపుకుని రమ్మనండి, చూస్తాను. నల్లా ఆ మూలన ఉంది. వంటింటి తలుపు నుంచి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల మధ్యలో ఎర్రపుంజు కాపు కాసి ఉంటుంది. ఒక రెక్క నేలకు దించి, మెడ ఈకలు నిక్కబొడుచుకుని, అడ్డంగా అడుగులేస్తూ మీదికి వస్తుంది. నా పిక్కల నిండా దాని గోళ్ల గీతలే.

ఐదు పెట్టల మధ్య అదొక్కటే మగది. నిండా ఏడాది లేదు. అయినా దాన్ని కట్టెతో అదిలించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అది మొక్కు పుంజు మరి.

మొన్న చలికాలంలో నా బిడ్డ జీవితకు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో రెండు రోజులు కళ్లు తెరవలేదు. మా అత్త మణెమ్మ ఇంటికొచ్చి, అప్పుడప్పుడే నెత్తిన జుట్టు ఎర్రబడుతున్న పుంజుపిల్లను పట్టి, పసుపు రాసి బోరంచ గుడిలోని నల్లపోచమ్మకు మొక్కింది. "తల్లీ, నా మనుమరాలు లేస్తే గీ పుంజును పెంచి నీకిస్తా" అంది. మర్నాడు పొద్దున జీవిత కళ్లు తెరిచి పాలకు ఏడ్చింది.

ఇక ఆ పుంజుకు మా ఇంట్లో మర్యాద చూడాలి! తిట్టొద్దు, కొట్టొద్దు, గంప కింద మూయొద్దు. పైగా "పిల్ల పేరు మీది పుంజు, పిల్ల చేతులనే తినాలె" అని మా అత్త రోజూ జీవితను ఒళ్లో కూర్చోబెట్టుకుని, దాని చిన్న అరచేతిలో జొన్నలు పోసి తినిపించేది. నేనూ మురిసిపోయి ఫోటోలు తీసి, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్న మా ఆయన దశరథ్‌కు పంపేదాన్ని. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

కూత నేర్చిన వారం నుంచే దానికి పొగరెక్కింది. ముందు పెట్టల వెంట పడింది, తర్వాత నా వెంట. పక్కింటి బసమ్మ గోడ మీంచి చూసి ఒకటే తిట్టు.

"చేతిల పెట్టి పెట్టి దానికి మనిషంటే భయం లేకుంట చేసిండ్రు. ఉరకకు వినోదా! నువ్వు ఉరికినకొద్ది అది ఎంటవడ్తది. గట్టిగ నిలవడు. మీదికొస్తే రెక్కలు అదిమి సంకల పెట్టుకొని జెరసేపు తిరుగు. గింజలు కింద చల్లు, చేతిల పెట్టుడు బంద్ చెయ్."

చెప్పడానికేం! దాన్ని చూస్తేనే నేను వంటింట్లోకి ఉరికేదాన్ని. నా పిక్కల సంగతి పోనీ, జీవితకు నడక వచ్చింది. నిలబడితే దాని మొహం సరిగ్గా పుంజు ఎగిరే ఎత్తులో ఉంటుంది. బిడ్డ కళ్లకేమవుతుందోననే భయం నన్ను వదిలేది కాదు.

"అత్తమ్మా, మొక్కు జల్దీ తీర్చుకుందాం" అని ఎన్నిసార్లు అడిగానో.

"పిల్ల తండ్రి లేకుంట మొక్కేంది? దశరథ్ రానీ, అందరం పోదాం" అనేది. ఆయనేమో వచ్చే నెల, వచ్చే నెల అని ఫోన్ పెట్టేసేవాడు.

ఆ మంగళవారం మా అత్త అంగడికి పోయింది. నేను పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తున్నాను. ఇంట్లో పిల్ల చప్పుడు లేదు. పెరట్లోంచి మాత్రం "కొక్కో, కొక్కో" అని వినిపించింది. రొట్టె వదిలేసి ఉరికాను.

జీవిత పెరటి మధ్యలో నిలబడి, అరచేయి చాచి ఉంది. చేతిలో జొన్నలు. పుంజు రెక్క దించింది.

"జీవితా!" అని నేను అరవడం, అది ఎగరడం, పిల్ల వెల్లకిలా పడడం ఒక్కసారే జరిగాయి. పొయ్యిలోకి తెచ్చిన కట్టె చేతికి దొరికింది. కొట్టాను. పుంజు అంత దూరాన పడి కాళ్లు చాపేసింది.

బిడ్డను ఎత్తుకుని ముందు కన్ను చూశాను. కన్ను బాగానే ఉంది. దాని కింద చెంప చీరుకుని రక్తం కారుతోంది. అమ్మయ్య అనుకుని పుంజు వైపు తిరిగాను. కదలడం లేదు. అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. నా బిడ్డ ప్రాణానికి బదులుగా అమ్మవారికి ఇస్తామన్నది అది. దాన్ని నేను చంపేశాను. ఇక ఆ తల్లి ఏం అడుగుతుంది?

"తప్పయింది తల్లీ, తప్పయింది" అని లెంపలు వాయించుకుంటూ బసమ్మను కేకేశాను. ఆమె వచ్చి పుంజు మెడ కింద వేలు పెట్టి చూసింది.

"పాణముంది. ఏడ్వకు, పెద్ద గిన్నె తే."

పుంజు మీద గిన్నె బోర్లించి, గరిటె నా చేతికిచ్చింది. "మెల్లగ కొట్టు. సోయి తప్పిన కోడిని గిట్లనే లేపుతరు."

చంకలో పిల్ల ఏడుస్తోంది. నేను గిన్నె మీద టంగుటంగుమని కొడుతూనే ఉన్నాను. రోజూ పొద్దున లేచి ఇది చస్తే బాగుండనుకున్నదాన్ని, లేవవే నా తల్లీ, లేవవే అని బతిమాలుతున్నాను. సరిగ్గా అప్పుడే మా అత్త సంచితో లోపలికి వచ్చింది.

"నేనే కొట్టిన అత్తమ్మా" అన్నాను, ఆమె అడగకముందే.

తిడుతుందనుకున్నాను. ఆమె జీవిత మొహం తిప్పి చూసింది. గాయానికీ కంటికీ మధ్య తన వేలు పెట్టింది. వేలు పట్టేంత సందు లేదు. అలాగే నేల మీద కూలబడింది.

"నేనే మేపిన గదనే, నా చేతులతోనే" అని ఏడ్చింది.

గిన్నె కింద గీకిన చప్పుడైంది. ఎత్తి చూస్తే పుంజు లేచి నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. అది రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది.

"కుంటైందే" అంది బసమ్మ.

మా అత్త మొహం పాలిపోయింది. అవిటి పుంజును అమ్మవారికి ఇవ్వరు. ఇచ్చిన మాట అలాగే మా నెత్తి మీద ఉండిపోయింది. ఆ సాయంత్రమే ఆమె నల్లపెట్ట పిల్లల్లో పుంజవుతుందనిపించినదాన్ని ఏరి పసుపు రాసింది. "తల్లీ, తప్పు మాది, పిల్లది కాదు. దీన్ని పెంచి ఇస్తా, అందాంక ఓర్సుకో" అని మొక్కింది. గుమ్మంలో జీవిత తుమ్మింది. మా అత్తా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పిడికెడు పిల్ల అది. గద్దలు, పిల్లులు, కుక్కలు. రెండు రోజులు గుమ్మం దాటకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు పెరటి మీదుగా గద్ద నీడ జారింది. నా నోరు పెగిలేలోపే కుంటిపుంజు సాగదీసి అరిచింది. పెట్టలూ పిల్లలూ తడక కిందికి దూరాయి. అది మాత్రం మధ్యలో ఒంటికాలి మీద మెడ ఎత్తి నిలబడింది. గద్ద రెండు చుట్లు తిరిగి పోయింది.

తడక కింద వంగి చూశాను. పసుపు పిల్ల ఉంది.

లోపలికి పోయి గుప్పెడు జొన్నలు తెచ్చాను. పుంజు నన్ను చూసి రెక్క దించింది. ఉరకలేదు నేను. గింజలు దూరంగా కింద చల్లాను. అది కాసేపు చూసి, రెక్క ముడుచుకుని, ముందు పెట్టలను పిలిచింది. తర్వాత తాను తింది. అది తిన్నంతసేపూ అక్కడే నిలబడ్డాను.