ఒడ్డుకొచ్చిన తిమింగలం పిల్ల

రెంటచింతల నుంచి నాపరాళ్ల లారీలో సూర్యలంకకు వచ్చిన కూలీ రోశమ్మ సముద్రాన్ని చూడడం అదే మొదలు. రాళ్లు దించుతుండగా ఒడ్డున కేకలు వినిపించాయి. పరుగున వెళ్లి చూస్తే ఇసుకలో తిమింగలం పిల్ల! ఎద్దంత ఉంది. ఒళ్లు ఎండకు వాడిపోతోంది.

"ఓరి నాయనో, ఇంకా ఊపిరుంది!" అని అరిచింది రోశమ్మ.

డ్రైవర్ ఆదెయ్య మోకు తెచ్చాడు. "తోకకు కట్టి లాగుదామా?"

"వద్దయ్యా, తోక ఇరిగిద్ది," అన్నాడు అక్కడి జాలరి పోలయ్య. "నెత్తిమీద బెజ్జంలోంచి గాలి పీల్చుద్ది. అందులో నీళ్లు పోయమాకండి. ఒళ్లు మాత్రం తడపండి."

జనం బిందెలతో ఉరికారు. రోశమ్మకు మెరుపులా ఆలోచన తట్టింది.

"ఆదెయ్య బావా, లారీ పట్టా తీసుకురా! దీని కిందికి తోసి, అంచులు పట్టుకొని మోద్దాం!"

పిల్లను మెల్లగా ఒత్తిగిలజేసి పట్టా పరిచారు. ఇరవై మంది దాకా అంచులు పట్టుకున్నారు. రోశమ్మ చీర కచ్చ బిగించి ముందు నిలబడింది. మొదటి అల ముఖాన కొట్టగానే కళ్లు గట్టిగా మూసుకుంది. అయినా పట్టు వదల్లేదు. నీళ్లు రొమ్ముదాకా వచ్చాక పట్టా కిందికి జార్చారు.

పిల్ల కదల్లేదు.

"పోవే తల్లీ, మీ అమ్మ దగ్గరికి పో!" అంటూ రోశమ్మ దాని వీపు నిమిరింది.

ఒక్కసారిగా తోక కదిలింది. పిల్ల నీళ్లు చీల్చుకుంటూ దూరంగా వెళ్లి, తుంపర్లు ఎగజిమ్మింది. ఒడ్డంతా ఈలలు మోగాయి. ఉప్పునీళ్లు మింగుతూనే రోశమ్మ గంతులేసింది.

"పోయిందిరోయ్! బతికిపోయింది!"