మొహం చాటు అద్దాలు

కౌంటర్ మీది మూడో అద్దం ఇరుసు కీచుమంది. సిరిల్ పసుపు గుడ్డకు కాస్త నూనె అద్ది ఆ ఇత్తడి ఇరుసును మళ్ళీ తుడిచాడు. మోకాళ్లు మొరాయిస్తుంటే రెండో చేత్తో కౌంటర్ పట్టుకున్నాడు.

ఆ ఊరి బట్టల మిల్లులు పోయినట్టే వీవర్స్ ఆర్మ్స్ పబ్బూ పోయింది. ఇప్పుడది లాయర్ల ఆఫీసు. అయినా రక్షిత కట్టడాల జాబితాలో ఉంది కనుక గోడల ఆకుపచ్చ పింగాణీ పలకల్ని గానీ, మోచేతుల రాపిడికి అరిగిన మహాగని చెక్క కౌంటర్‌ను గానీ ఎవరూ ముట్టుకోవడానికి లేదు. అన్నిటికంటే వింత ఈ అద్దాలే. పూలు చెక్కిన మసక గాజు పలకలు, మనిషి తల ఎత్తున వరుసగా, చిన్న కిటికీ తలుపుల్లా తిరుగుతాయి. పూర్వం అవతలి గదిలో కూర్చునే పెద్దమనుషులకు మందు కావాలి, పోసేవాడి మొహం మాత్రం అక్కర్లేదు. అద్దం కింది సందులోంచి గ్లాసు అందుకునేవారు. ఏం మర్యాదలో ఏమో.

సిరిల్ ఈ కౌంటర్ వెనకే ఎంగిలి గ్లాసులు ఏరి, కడిగి ముసలివాడయ్యాడు. పబ్బు మూతపడ్డాక ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. దానికీ ఇవాళే ఆఖరు.

"ఏవయ్యా, మధ్యాహ్నం కేకు కోస్తాం. తప్పించుకుపోకు," అంది ఫోన్ల దగ్గర కూర్చునే బెరిల్.

"కేకెందుకమ్మా, నేనేమన్నా పెళ్ళికొడుకునా?"

"పెళ్ళికొడుకు మొహం ఇలా వేలాడదులే. మీ అమ్మాయి జనాన్ని వెంటేసుకుని వస్తోందిగా. కనపడవా?"

సిరిల్ వంగి ఇరుసుకు ఇంకాస్త నూనె రాశాడు. కూతురు జిలియన్ పాత కట్టడాల శాఖలో అధికారి. ఈ భవనం చరిత్ర ఊరివాళ్లకు చెప్పడానికి వస్తోంది. ఆమె పెద్ద బడిలో చేరిన కొత్తలో స్నేహితురాళ్లతో ఈ వీధిన పోతుంటే, సిరిల్ ఏప్రన్‌తోనే గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపాడు. పిల్ల తల తిప్పి గోడ పలకల కేసి చూసింది. ఆ మాట ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. ఆయన మాత్రం ఆమె స్నేహితులు ఎదురైతే అవతలి పేవ్‌మెంట్‌కు మారేవాడు. తన వల్ల బిడ్డ తల దించుకోకూడదు, అంతే.

జనం అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. అవతలి గదిలో అడుగుల చప్పుడు, జిలియన్ గొంతు. సిరిల్ గుడ్డ కౌంటర్ మీద పెట్టేశాడు. తెరిచి ఉన్న మూడో అద్దంలోంచి ఆమె నీలం స్కార్ఫు కనబడింది. మెల్లగా అద్దం తిప్పి మూసేశాడు. నూనె పట్టిన ఇరుసు కిక్కురుమనలేదు. వెనక నడవాలోకి పోయి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

"పోసేవాడి మొహం చూడనక్కర్లేదని పెట్టించుకున్నవి ఇవి," అంటోంది జిలియన్. "చిన్నప్పుడు నేనూ ఓసారి అలాగే మొహం తిప్పుకున్నాను. మా నాన్న నుంచి. ఆయన అవతలే ఉన్నారు. నాన్నా, అద్దం తియ్యవూ? వీళ్లంతా నిన్ను చూడాలి."

సిరిల్ గడియ మీద చెయ్యి అలాగే ఉంచి విన్నాడు. ఇన్నేళ్లూ కూతురు తనను చూసి సిగ్గుపడుతోందనే అనుకున్నాడు. ఇప్పుడు వెళితే, తన కూతురి గురించి ఎంత తక్కువగా అనుకుని దాక్కున్నాడో అందరి ముందూ బయటపడుతుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? గడియ తీసి, పెరటి దారిన బస్టాపు వైపు నడిచాడు.

"నాన్నా," అని ఇంకోసారి పిలిచి, జిలియన్ తనే అద్దం తిప్పింది. అవతల కౌంటర్ మీద పసుపు గుడ్డ ఉంది, నూనె మరక ఇంకా తడిగానే.