లాస్య సమాధికి సున్నం

లాస్య పోయి ఐదు నెలలైంది. మంజులతకు పడుకుని లేచినా అలసటే, ఊరికే కూర్చున్నా అలసటే. ఫిల్మ్ నగర్ స్టూడియోలో నటీమణులకు జడలు వేయడం, సవరాలు కట్టడం ఆమె పని. ఇరవై ఏళ్ల అలవాటు కాబట్టి చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి.

లాస్య ఆమె అన్న బిడ్డ. వదిన చనిపోయాక, అన్న మరో పెళ్లి చేసుకుంటే, నాలుగేళ్ల పిల్లను తెచ్చి పెంచుకుంది. పందొమ్మిదో ఏట ఆ పిల్లకు గుండె జబ్బు బయటపడింది. బస్తీ చర్చిలో అందరూ వంతులేసుకుని నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. మంజులత మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టని రోజులున్నాయి. ఉపవాసం ముగిసిన మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో పిల్ల కన్నుమూసింది.

పరామర్శకు వచ్చినవాళ్లు దేవుని చిత్తమన్నారు. ఏడిస్తే విశ్వాసం లేనట్టేనన్నారు. ఆ మాట విన్నాక మంజులత చర్చికి వెళ్లలేదు. పాస్టరుగారు రెండుసార్లు ఇంటికొచ్చారు. కూర్చోబెట్టి టీ ఇచ్చింది కానీ, ప్రార్థనకు తల వంచలేదు.

గుడ్ ఫ్రైడే నాడూ షూటింగ్ ఉంది. పదకొండున్నరకు, స్టూడియోలో ఊడ్చే ఎల్లమ్మ మేకప్ గది గుమ్మంలో నిలబడింది. ఆమెదీ అదే చర్చి.

"బిడ్డా, పన్నెండుకు ఆరాధన. జర తోడు రా. మోకాళ్లు గుంజుతున్నయి, చర్చి మెట్లెక్కలేను."

"నేను రాను ఎల్లవ్వా. దేవునితోని నాకు మాటల్లేవు."

"మాట్లాడకు మరి. నన్ను ఎక్కించి పక్కకు కూసో. నిన్నెవ్వరు ఏమడగరు."

కాదనడానికి కూడా ఓపిక కావాలి. అది లేక మంజులత లేచి వెళ్లింది.

చర్చిలో ఉక్క. ఫ్యాన్లు తిరుగుతున్నా తెల్లచీరలన్నీ వీపులకు అతుక్కుపోయాయి. సిలువ మీద ప్రభువు 'నన్నెందుకు విడిచిపెట్టావు' అని తండ్రిని అడిగిన ఘట్టం దగ్గర పాస్టరుగారు ఆగారు.

"ఆ ప్రశ్నకు ఆ రోజు పైనుంచి జవాబు రాలేదు," అన్నారు. "మన సంఘంలో ఒక బిడ్డ పోయినప్పుడు మాత్రం మనం జవాబులు చెప్పేశాం. ఏడవద్దని కూడా చెప్పాం. నేను అక్కడే ఉండి ఊరుకున్నాను. తప్పు చేశానండీ."

ఆయన మంజులత వైపు చూడలేదు.

సిలువ మీది ఆ ప్రశ్న చిన్నప్పటి నుంచి ఏటా విన్నదే. అయినా ఐదు నెలలుగా తన నోట్లోనే ఉండిపోయిన ప్రశ్నను పాపమనుకుని మింగుతూ వచ్చింది. అదే ప్రశ్న ప్రభువూ అడిగాడు. అదీ అందరి ముందు, గట్టిగా.

మంజులత ఏడ్చింది. ఎల్లమ్మ ఊరుకోమనలేదు. తన కొంగు అందించి ముందుకే చూస్తూ కూర్చుంది.

"ఎందుకు తీస్కపోయినవ్ ప్రభువా?" అంది మంజులత లోలోపల. "చెప్పకున్నా సరే. నేను అడిగేదన్నా ఇను."

జవాబేమీ రాలేదు. కానీ గోడకు చెప్పుకున్నట్టు లేదు. పక్కన ఎవరో కూర్చుని, తొందరపెట్టకుండా వింటున్నట్టే అనిపించింది. ఆరాధన అయిపోయేదాకా అలాగే మాట్లాడుతూ ఉండిపోయింది.

స్టూడియోకి తిరిగి వెళ్లేసరికి అసిస్టెంట్ డైరెక్టర్ గుమ్మంలోనే ఉన్నాడు. "ఎక్కడికెళ్లారక్కా? మేడమ్ వెయిటింగ్!" మంజులత దువ్వెన అందుకుంది.

శనివారం సెలవు పెట్టి, ఎల్లమ్మతో కలిసి సమాధుల తోటకు వెళ్లింది. ఈస్టర్‌కు ముందు అందరూ తమవాళ్ల సమాధులు బాగుచేసుకుంటున్నారు. లాస్యను సమాధి చేసిన నాటి తర్వాత అటు రాలేదు మంజులత. గడ్డి పీకి, దుమ్ము కడిగి సున్నం వేయడం మొదలుపెట్టింది. మధ్యమధ్య కుంచె పక్కనపెట్టి ఏడ్చింది. మళ్లీ వేసింది.

"రేపు తెల్లారకముందే ఈడ ఆరాధన," అంది ఎల్లమ్మ. "వస్తవా?"

"వస్త. కొవ్వొత్తులు నువ్వు పట్టుకరా ఎల్లవ్వా, పూలు నేను తెస్త," అంది మంజులత, చేతికంటిన సున్నం కడుక్కుంటూ.