మార్తమ్మ ఎవరింటికి పోయింది

రెండో ఆదివారం వచ్చిందంటే సంధ్యారాణి మధ్యాహ్నం అన్నం తొందరగా తినేసి, చీర మార్చుకొని, సుబేదారిలో జిరాక్స్ షాపు మీదున్న గదికి అందరికంటే ముందు పోయేది. కిటికీలు తెరిచేది. ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న ప్లాస్టిక్ కుర్చీలను గుంజి విడదీసి, గోడ వెంట వేసేది. ఎవరూ చెప్పిన పని కాదు. ఇంట్లో కూర్చుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు, అందుకని.

ఆ గదిలో కూడేది రెండో ఆదివారం రచయితల సంఘం. పేరుకు సంఘమే గానీ గట్టిగా లెక్కేస్తే పది మంది ఉండరు. అధ్యక్షురాలు శోభారాణి మేడమ్, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కొత్తవాడలో జంపఖానాలు నేసే సదానందం కవిత్వం రాసేవాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే కొమురెల్లి, రైలు దొరికిన ఆదివారం వచ్చి పాటలు వినిపించేవాడు. కాజీపేట నుంచి దావీదు వచ్చేవాడు. పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పని చేసి రిటైరైనాడు. పొద్దున చర్చికి పోయిన తెల్లచొక్కా మీదే సాయంత్రం ఇక్కడికి వచ్చేవాడు. ఇక సంధ్యారాణి ఒక ఆఫీసులో టైపిస్టు. పెళ్ళి కాలేదు. ఒక పోర్షన్‌లో ఒక్కతే ఉండేది.

ఆ గదిలో ఎవరైనా కథ చదవడం ముగించగానే, అందులోని మనిషి మెట్ల దగ్గర కనబడేవాడు. కాసేపు నిలబడి అందరినీ చూసి, విన్నవాళ్ళలో తనకు నచ్చినవాళ్ళ వెంట ఇంటికి పోయేవాడు. కొన్నాళ్ళుండి, ఒక పొద్దున పోయొస్తనని చెప్పి వెళ్ళిపోయేవాడు. కొమురెల్లి ఒకసారి పాట మానేసి కథ రాస్తే అందులోని ముసలి మేస్త్రీ శోభారాణి మేడమ్ వెంట పోయి, ఎండాకాలమంతా ఉండి, ఆమె మామిడికాయ తొక్కు సగం జాడీ ఖాళీ చేసి పోయాడు. బస్సుల్లో కూడా ఇబ్బంది ఉండేది కాదు. ఆడమనిషైతే ఫ్రీ టికెట్టుకు కండక్టర్ ఆధార్ కార్డు అడిగేవాడు, లేదంటే మామూలు టికెట్టు కొట్టేవాడు.

సంధ్యారాణి వెంట మాత్రం ఎప్పుడూ ఎవరూ పోలేదు. ఆమె కథల్లోంచి కూడా ఎవరూ రాలేదు. రావడానికి అందులో మనుషులే ఉండేవాళ్ళు కాదు. మూసిన దుకాణం, రేకుల మీద వాన, ఆఖరి బస్సు పోయిన తర్వాత బస్టాండు, అవే రాసేది. బాగా రాసేది.

"చెల్లె, ఒక్క మనిషినన్న పెట్టరాదే, మాట్లాడనీకి?" అనేవాడు సదానందం.

"పెడితె వాళ్ళేం మాట్లాడుతరో నాకెట్ల తెలుస్తదన్నా?" అని నవ్వేది.

అయినా రెండో ఆదివారం పొద్దున రెండో పరుపు ఎండకు వేసి దులిపేది. సాయంత్రం దాన్ని అట్లే చుట్టి పెట్టేది.

దావీదు భార్య మార్తమ్మ పోయి రెండేండ్లు దాటింది. మిషన్ దవాఖానలో ఆయాగా చేసిన మనిషి. ఆమె మీద దావీదు కథ రాస్తున్నాడని సంఘంలో అందరికీ తెలుసు. ఎందుకు రాస్తున్నాడో కూడా తెలుసు. ఆ ఆదివారం ఆయన వస్తూ వస్తూ, ఇంటికి సున్నం వేయించానని మెట్ల మీదే సదానందానికి చెప్పాడు.

కథ పెద్దదేం కాదు. మార్తమ్మ పేషెంట్ల దుప్పటి అంచులు పరుపు కిందికి మడిచే తీరు, తెల్లవారుజామున గొంతు తగ్గించి పాడుకునే క్రీస్తు పాట, చింతచిగురు పప్పు, అరిగిన చెప్పుకు తానే దారం వేసుకున్న సంగతి, ఎవరు ఎదురొచ్చినా "నొప్పి తగ్గిందా?" అని అడగడం. చదువుతూ దావీదు రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ముగించేసరికి మార్తమ్మ మెట్ల దగ్గర ఉంది. నీలం అంచు తెల్లచీర, తలకు కొబ్బరినూనె. దావీదు లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని చూసింది. దవాఖానలో చీటీ కోసం వరుసలో నిలబడ్డ మనిషిని చూసినట్టు, మర్యాదగా, ఒక్క నిమిషం. తర్వాత చూపు తిప్పి సంధ్యారాణి దగ్గరికి నడిచింది.

"పోదామా బిడ్డా?" అంది.

గదిలో ఎవరూ కదల్లేదు. సంధ్యారాణి దావీదు ముఖం చూడలేక కాగితాలు సర్దుకున్నట్టు తల వంచుకుంది.

"పో చెల్లె," అన్నాడు దావీదు. "తీస్కపో. ఆమె ఇష్టం."

సంధ్యారాణి జీవితంలో అట్లాంటి రోజులు అంతకు ముందు లేవు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే కిటికీలో లైటు వెలుగుతూ కనబడేది. దాన్ని చూడటానికి రోడ్డు మలుపు దగ్గర కాసేపు ఆగేది. లోపల పప్పు తాలింపు వాసన. పరుపు మీద దుప్పటి నాలుగు మూలలా బిగుతుగా మడిచి ఉండేది. పొద్దున పాటతో మెలకువ వచ్చినా, లేవకుండా, ఆ పాట అయిపోయేదాకా కళ్ళు మూసుకొని పడుకునేది. మార్తమ్మను వదినా అని పిలవడం మొదలుపెట్టింది. ఆఫీసులో ఆడవాళ్ళు, "ఏమే, మనిషి నిగ్గుదేలినవ్," అన్నారు.

వారం తిరగకుండానే దావీదు వచ్చాడు. తువ్వాలలో చింతచిగురు మూట కట్టుకొచ్చాడు.

"బిడ్డా, ఎవలో పెద్దమనిషి వచ్చిండు," అని లోపలికి కేకేసింది మార్తమ్మ. "కూసోండి సారూ. నొప్పి తగ్గిందా?"

"తగ్గింది," అన్నాడు దావీదు.

చాయ్ ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. అట్లా వస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"మార్తమ్మా, నేను జరంత గూడ యాదికి లేనా?"

ఆమె మనసు పెట్టి ఆలోచించింది. అబద్ధం ఆడే మనిషి కాదు. "లేదు సారూ. మా వార్డుల ఉన్నరా ఎప్పుడన్న?"

దావీదు తలూపి లేచాడు. చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రమే సంధ్యారాణి ఒకటి గమనించింది. వంట అయిపోయినా మార్తమ్మ తినడం లేదు. గడప మీద కూర్చొని రోడ్డు వైపు చూస్తోంది. ఆలోచిస్తే, రోజూ అట్లే కూర్చుంటున్నది.

"ఎవరి కోసం వదినా?"

"తెల్వదు బిడ్డా. ఎవలో రావాలె. ఇంకా వస్తలేరు."

"ఎవరు?"

"అదే తెలుస్తలేదు," అంది మార్తమ్మ. ఆ గొంతులో ఫిర్యాదు కూడా లేదు.

మర్నాడు దావీదు వస్తే సంధ్యారాణి లోపలికి పిలవకుండా గేటు బయటికే వచ్చింది.

"అన్నా, మీ కథల మీరు లేరు."

"అది ఆమె కథ గదా చెల్లె. నడుమ నేనెందుకు?"

"మీరు లేకనే ఆమెకు తెలుస్తలేదు. ఎవరి కోసం కూసుంటాందో తెల్వక కూసుంటాంది. ఇప్పుడన్న రాయండి."

దావీదు గేటు చువ్వ పట్టుకున్నాడు. "రాసి చూసినమ్మా. ఆమె పక్కన నన్ను పెడితె, ఫొటోల సగం తెగిపోయిన మనిషి లెక్క కనబడ్తాన. నాతోని కాదు." "నువ్వు రాయి," అన్నాడు. "నేను చెప్త."

ఆయన చెప్పాడు, రోజూ కొంత, గేటు దగ్గరే నిలబడి. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైల్వే క్వార్టర్. డ్యూటీ దిగి, కంకర దుమ్ముతో, ఏ పూట వచ్చేది తెలియకుండా వచ్చే తాను. వచ్చేదాకా తినకుండా కూర్చునే ఆమె. ఎంత చెప్పినా వినేది కాదట. సంధ్యారాణి ఆఫీసు అయిపోయాక అక్కడే కంప్యూటర్ ముందు కూర్చొని టైపు కొట్టేది. మనుషుల మాటలు రాయడం ఆమెకు కొత్త. ఒక్క సాయంత్రం జరిగిన కథే రాసింది. ఒకామె ఎదురుచూస్తుంది, ఒకాయన ఆలస్యంగా వస్తాడు, ఇద్దరూ తింటారు. రాస్తుంటే, చివరికి ఆయన తలుపు దగ్గరికి వచ్చేచోట ఆమెకే ఏడుపొచ్చింది.

కథ పూర్తయింది. అది చదివిననాడే మార్తమ్మ వెళ్ళిపోతుందని ఆమెకు తెలుసు. రెండో ఆదివారం వచ్చింది. శోభారాణి మేడమ్ అడిగితే, "ఇంకా కాలేదు మేడమ్," అని చెప్పింది. ఇంటికి వచ్చి మార్తమ్మ వండిన పప్పు తింది. రుచి తెలియలేదు. గడప మీద మార్తమ్మ వెన్ను కనబడుతోంది, దీపం వెలుతురు పడి. ఆ నెలంతా ఆ వెన్ను చూస్తూనే తింది.

తర్వాతి రెండో ఆదివారం మార్తమ్మను వెంటబెట్టుకొని పోయింది. ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎదురుగా దావీదును కూర్చోబెట్టి, నిలబడి చదివింది. సగంలో ఆగింది. సదానందం మంచినీళ్ళ సీసా అందించాడు. తాగి, మిగిలింది చదివింది.

చదువుతుండగానే మార్తమ్మ ముఖం మారింది. ఏదో మరిచిపోయిన వస్తువు చేతికి తగిలినట్టు కొంగు సవరించుకుంది. దావీదు కుర్చీ అంచుకు జరిగాడు. చివరి మాట కాగానే లేవడానికి చేతులు మోకాళ్ళ మీద ఆనించాడు.

మార్తమ్మ లేచింది. కానీ ఆయన వైపు చూడలేదు. మెట్ల వైపు చూసింది.

మెట్ల దగ్గర దావీదు నిలబడి ఉన్నాడు. ముప్పై ఏండ్ల దావీదు, నల్లని జుట్టు, భుజం మీద తువ్వాల, మోకాళ్ళ దాకా కంకర దుమ్ము. సంధ్యారాణి రాసిన దావీదు. రాస్తే మనిషి వస్తాడని ఆ గదిలో అందరికీ తెలుసు. ఈ సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

"ఇంత లేటా?" అంది మార్తమ్మ.

"గూడ్సు ఆగింది. తిన్నవా?"

"నువ్వు రాకుంట ఎట్ల తింట?"

ఇద్దరూ మెట్లు దిగిపోయారు. చెప్పుల చప్పుడు కింది దాకా వినబడింది. శోభారాణి మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొమురెల్లి కిటికీ దగ్గరికి పోయి చూసి, "బస్సెక్కిన్రు," అని మాత్రం చెప్పాడు.

దావీదు సగం లేచినవాడు అట్లే ఉండి, మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"అన్నా," అంది సంధ్యారాణి. "నేను ఇట్లయితదని..."

"నాకంటె మంచిగున్నడు వాడు," అన్నాడు దావీదు. నవ్వబోయాడు, ముఖం సహకరించలేదు. "తిన్నవా అని అడిగిండు చూసినవా? నేను ఒక్కనాడు అడగలే. నువ్వే పెట్టినవ్ ఆ మాట."

"అవును."

"మంచిగ పెట్టినవ్."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇద్దరే మిగిలారు. సంధ్యారాణి లైటు తీసి, తాళం వేసి, దావీదు వెనక మెట్లు దిగింది. కింద రోడ్డు మీద ఆదివారం సాయంత్రం జనం. ఆయన కాజీపేట బస్సు వైపు పోవాలి, ఆమె ఇటు వైపు. ఇద్దరూ ఎటూ పోలేదు. సున్నం వేసిన ఆ ఇంట్లో ఎవరూ లేరు, ఈమె కిటికీలో లైటూ లేదు.

"తిన్నవా అన్నా?" అని అడిగింది సంధ్యారాణి. ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు.

"పొద్దటి నుంచి లేదు."

మూలమీద మిర్చిబండి ఉంది. రెండు స్టూళ్ళు ఖాళీగా ఉంటే కూర్చున్నారు. బండామె పేపరు ముక్కల్లో వేడివేడి మిర్చీలు పెట్టిచ్చింది. దావీదు ఒకటి తుంచి, ఊదుకుంటూ, తినకుండా పట్టుకున్నాడు.

"నీకు చెప్పంది ఒకటున్నది చెల్లె. ఆమె గురించే," అన్నాడు. "కానీ రాయద్దు."

"రాయ."

"ఎవ్వలకు చదవద్దు."

"చదవనన్నా. చెప్పు."

దావీదు రోడ్డు వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. బస్సుల చప్పుడుకు సగం మాటలు వినబడక, సంధ్యారాణి తన స్టూలు ఆయన దగ్గరికి జరుపుకుంది.