చెల్లెలి పేరు చెప్పని సాక్ష్యం

అది 1958. శనివారం పొద్దున అడర్లీ వీధి పూలబజారు కిటకిటలాడుతోంది. బకెట్ల నిండా డాలియాలు, తెల్ల లిల్లీలు పెట్టుకుని ఆంటీ గలీమా గొంతు చించుకుంటోంది.

"రండి మేడమ్, రండి! ఈ డాలియాలు మీ ఆయన ప్రేమకంటే రెండు రోజులు ఎక్కువే నిలుస్తాయి. నమ్మకపోతే ఇంటికి తీసుకెళ్ళి రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి!"

తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక యువతి నవ్వుతూ పూలకట్ట తీసుకుని వెనక్కి తిరిగింది. అప్పుడే కూరగాయల సంచితో మరొకామె ఎదురుగా వచ్చింది. ఆమె చామనఛాయ మనిషి. కుట్టుమిషను మీద వంగి వంగి మెడ కాస్త ముందుకు వాలింది. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం ఉండగా, సంచీ ఉన్నామె చటుక్కున మొహం తిప్పి పక్కనున్న చెప్పుల దుకాణం అద్దంలోకి చూడసాగింది. తొడుగుల మనిషి ఆగకుండా బస్సు వైపు నడిచిపోయింది. తెల్లవాళ్ళ బస్సు వైపు.

ఇందులో వింతేముంది అంటారు మీరు. దారినపోయే ఇద్దరు ఆడవాళ్ళు పలకరించుకోకపోతే కొంప మునుగుతుందా? మా కేప్‌టౌన్‌లో మునిగింది. ఆ ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలు. సంచీ ఉన్నామె అక్క, సిబిల్ ఫోర్టూయిన్. తొడుగులున్నామె చెల్లెలు, లోర్నా. చిన్నప్పుడు ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కోసం తన్నుకుంటూ పడుకున్నవాళ్ళు.

మా దక్షిణాఫ్రికాలో ప్రతి మనిషికీ ఒక జాతి ముద్ర వేయాలని చట్టం చేసినప్పుడు, ఎవరు ఏ జాతో తేలకపోతే అధికారులు జుట్టులో పెన్సిల్ గుచ్చి చూసేవారు. పెన్సిల్ నిలబడితే ఒక బతుకు, జారిపడితే మరో బతుకు. ఇది నేను కల్పించి చెబుతున్నది అనుకునేరు. బడికెళ్ళి చదువుకున్న పెద్దమనుషులు, మెడకు టై కట్టుకుని, బల్ల ముందు కూర్చుని చేసిన పని ఇది. ఫోర్టూయిన్ల ఇంట్లో సిబిల్‌ది తల్లి జుట్టు. లోర్నాది, ఎప్పుడో ఓడ దిగి వచ్చిన ఏ ముత్తాతదో, పట్టులాంటి జుట్టు. తల్లి రేచల్ ఊళ్ళో దొరల ఇళ్ళ బట్టలు ఉతికేది. ఆమే చిన్నకూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది.

"వెళ్ళవే తల్లీ. నాకెవరూ లేరని రాసిచ్చెయ్. మంచి ఉద్యోగం, మంచి ఇల్లు, నీ పిల్లలకి మంచి బడి. మా ఇద్దరి కష్టం నువ్వెందుకు పంచుకోవడం?"

"నిన్ను చచ్చిపోయిందని రాయనా అమ్మా?"

"రాయి. రాసినంత మాత్రాన చస్తానా ఏంటి?"

లోర్నా జుట్టులో పెట్టిన పెన్సిల్ జారి కిందపడింది. ఆమె తెల్లది అయింది. ఆ రోజు రేచల్ పెద్దకూతురికి ఒక నియమం నేర్పింది. ఊళ్ళో చెల్లెలు కనబడితే ముందుగా మొహం తిప్పుకోవలసింది నువ్వే. నువ్వు తిప్పుకున్నావంటే, ఎవరో చూస్తున్నారు, ఆగకుండా వెళ్ళిపో అని దానికి అర్థం. మా వీధుల్లో ఇలాంటి ఇళ్ళు పదుల్లో ఉండేవి. అన్ని ఇళ్ళలోనూ ఈ నియమమే. తెల్లగా మారినవాళ్ళను కాపాడే బరువు నల్లగా మిగిలినవాళ్ళ మెడల మీదే పడింది. ఎవరూ దాన్ని అవమానం అనుకోలేదు. పిల్లకు జ్వరం వస్తే తడిగుడ్డ వేసినంత సహజంగా, అది కూడా ప్రేమే అనుకున్నారు.

ఉత్తరాలు మాత్రం నడిచేవి. లోర్నా పూలు కొన్నప్పుడల్లా ఆంటీ గలీమా కాగితం చుట్టలో ఒక ఉత్తరం దూర్చేది, ఒకటి తీసుకునేది. "నేను పూలమ్మినా, పోస్టాఫీసు నడిపినా, రెండింటికీ నాకున్నది ఈ కుంటి కాలొక్కటే" అని నవ్వేది.

లోర్నా హెన్నీ అనే తెల్ల గుమాస్తాను పెళ్ళి చేసుకుంది. అతనికి నిజం తెలియదు. తెలిస్తే ఆ పెళ్ళి చట్టం ముందు పెళ్ళే కాకుండా పోతుంది, పిల్లలు బడి నుంచి బయటికి పోతారు.

1966లో రేచల్ చనిపోయింది. చర్చిలో జనం నిండి ఉండగా, నల్ల టోపీ పెట్టుకున్న ఒక తెల్ల దొరసాని వచ్చి చివరి బల్ల మీద కూర్చుంది. పనిమనుషులు చనిపోతే పాత దొరసానులు అలా రావడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పాస్టరు కూడా ఆమెకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడి అందరితో చేతులు కలుపుతున్న సిబిల్ ముందుకు ఆ దొరసాని వచ్చింది.

"వచ్చినందుకు చాలా థాంక్స్ మేడమ్" అంది సిబిల్.

"చాలా మంచి మనిషి" అంది లోర్నా. "మా బట్టలు... ఎంతో శుభ్రంగా ఉతికేది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పదిహేనేళ్ళు ఆ పిల్ల గౌన్లు ఉతికింది ఆ తల్లే కదా! కన్నతల్లి శవపేటిక ఎదుట పరాయి ఇంటి యజమానురాలిగా నటించి, కన్నీళ్ళు టోపీ వల కింద దాచుకుని, లోర్నా తిరిగి తెల్లవాళ్ళ బస్సెక్కింది.

సిబిల్ సాల్ట్‌రివర్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ యూనియన్‌లో తిరిగింది. ప్రభుత్వం ఆమెను సభలకు పోకూడదనీ, నలుగురితో కలవకూడదనీ కట్టడి చేసింది. చివరికి, మళ్ళీ తిరిగి రానని రాసిచ్చి వెళ్ళిపొమ్మంది. 1968లో ఆమె లండన్ చేరింది. అక్కడా మిషనే, అక్కడా వంగిన మెడే.

1974 జూలైలో ఒక సాయంత్రం అడ్వకేట్ మోఖెలే ఆమె గదికి వచ్చాడు. ఆయనా మా దేశం నుంచి వెళ్ళగొట్టబడినవాడే. ఐక్యరాజ్య సమితి నిపుణులు లండన్‌లో సాక్ష్యాలు తీసుకుంటున్నారు. వాళ్ళ ముందుకు మనవాళ్ళను సిద్ధంచేసి పంపడం ఆయన పని.

"సిబిల్ అక్కా, గురువారం మీ వంతు" అన్నాడు టీ ఊదుకుంటూ.

"నేనేం చెప్పను తమ్ముడూ? నన్ను కొట్టలేదు, జైల్లో తోయలేదు. వీపు మీద చారలున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని పిలువు."

"వాళ్ళూ వస్తారు. కానీ ఇది వినండి. పోయిన నవంబరులో సమితి ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. వర్ణవివక్ష మానవజాతి మీద నేరం, చేసినవాణ్ణి ఏ దేశమైనా పట్టుకుని శిక్షించొచ్చు అని రాశారు. కొట్టడం, చంపడం ఒక్కటే కాదు, మనుషుల్ని రంగు ప్రకారం విడగొట్టడం కూడా నేరమే అన్నారు. ఇరవై దేశాలు ఖాయం చేస్తేనే అది అమల్లోకి వస్తుంది."

"చేస్తారా?"

"పెద్ద దేశాలేమో మన బంగారం వైపు చూసి, పెన్నులో సిరా అయిపోయిందంటున్నాయి" అన్నాడు మోఖెలే. "మన ప్రభుత్వం ఏమంటోందో తెలుసా? ఇది మా ఇంటి వ్యవహారం, బయటివాళ్ళకేం పని అంటోంది. అందుకే నాకు మీ ఇంటి సంగతి కావాలి. మీకో చెల్లెలు ఉందని విన్నాను."

సిబిల్ కప్పు కింద పెట్టేసింది. "నాకు చెల్లెలు లేదు" అంది.

ఇరవై ఏళ్ళుగా ఎవరడిగినా ఆమె చెప్పిన జవాబు అదే. ఫ్యాక్టరీ గురించీ, కట్టడి గురించీ చెబుతానని మాత్రం ఒప్పుకుంది. లోర్నా సంగతి నోరు జారితే అక్కడ ఒక సంసారం కూలిపోతుంది. ఇద్దరు పిల్లలు వీధిన పడతారు. ఆ పాపం మూటగట్టుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు.

చిత్రంగా ఆ వారమే లోర్నా నుంచి ఉత్తరం వచ్చింది. హెన్నీ కంపెనీ పనిమీద లండన్ వస్తున్నాడు, తనూ వస్తోంది. బుధవారం తిరుగు ప్రయాణం. మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు వాటర్లూ స్టేషన్ గడియారం కింద కలుద్దాం అని రాసింది. "అక్కా, అక్కడ మనల్నెవరూ ఎరగరు. నిన్ను గట్టిగా పట్టుకుని ఏడవాలని ఉంది."

మంగళవారం సిబిల్ సెలవు పెట్టింది. అమ్మ ఆదివారాలు చేసినట్టే కూసిస్టర్లు వేయించి, పాకంలో ముంచి, కొబ్బరి చల్లి డబ్బాలో పెట్టుకుంది. రెండున్నరకే గడియారం కింద నిలబడింది. ఏం మాట్లాడాలో దారి పొడవునా మనసులో చెప్పుకుంటూనే ఉంది. అమ్మ చివరి రోజుల సంగతి చెప్పాలి. పిల్లల ఫోటోలు చూడాలి. ముందు మాత్రం, లోర్నా అని పేరు పెట్టి పిలవాలి. ఇంటి బయట ఆ పేరు గట్టిగా పలికి పందొమ్మిదేళ్ళయింది.

మూడయింది. జనంలోంచి లోర్నా వచ్చింది. కాస్త లావెక్కింది, నడక మాత్రం అదే. అక్కను చూసింది. మొహం విప్పారింది. చేతులు సగం పైకి లేచాయి.

సిబిల్ మొహం తిప్పుకుంది.

ఎందుకు తిప్పుకుందో ఆమెకే తెలియదు. అక్కడ పోలీసు లేడు, పొరుగువాడు లేడు, రంగు తేల్చే అధికారుల బల్ల లేదు. అయినా మెడ తనంతట తానే తిరిగింది, కళ్ళు పక్కనున్న పత్రికల కొట్టు మీద పడ్డాయి. అది చూడగానే లోర్నా చేతులు దిగిపోయాయి. అక్క తిప్పుకుందంటే ఎవరో చూస్తున్నారని అర్థం. తల వంచుకుని, వేగం పెంచి, అక్క భుజానికి జానెడు దూరంలోంచి నడిచిపోయింది.

సిబిల్ తేరుకుని వెనక్కి తిరిగేసరికి ఎటు చూసినా టోపీలూ గొడుగులే. పిలుద్దామని నోరు తెరిచింది. పేరు గొంతులోనే ఉండిపోయింది. ఆ గడియారం కింద సాయంత్రం ఆరు దాకా డబ్బా పట్టుకుని నిలబడింది. ఆఖరికి గదికి వచ్చి, కోటయినా విప్పకుండా మంచం మీద కూలబడి ఏడ్చింది.

బుధవారం మధ్యాహ్నం టపాలో చీటీ వచ్చింది. హోటల్ కాగితం మీద వంకరటింకర రాత.

"అక్కా, నువ్వు అటు తిరిగావు. హెన్నీ నా వెనకే వచ్చాడేమో అనుకున్నాను. హోటల్ మెట్ల దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, ఇది లండన్ కదా అని. హెన్నీ కంట పడకుండా మళ్ళీ పరుగెత్తుకొచ్చేసరికి ఏడయింది. నువ్వు లేవు. మళ్ళీ ఎప్పుడొస్తానో, అసలు వస్తానో లేదో. నీ తప్పేం లేదు. నేనైనా అదే చేసేదాన్ని. ఈ చీటీ చించెయ్."

సిబిల్ దాన్ని చించలేదు. మడిచి లోపలి జేబులో పెట్టుకుంది.

గురువారం పొద్దున నిపుణులు ఆరుగురు పొడవాటి బల్ల వెనక కూర్చున్నారు. బల్లను చూడగానే ఆమెకు పెన్సిల్ గుచ్చిన ఆ పాత బల్ల గుర్తొచ్చింది. అధ్యక్షుడు నెరిసిన జుట్టు పెద్దాయన. మర్యాదగా కూర్చోమన్నాడు. ఫ్యాక్టరీ సంగతి అడిగాడు.

"అది రాసి తెచ్చానండీ, చదువుకోండి" అంది సిబిల్ కాగితాలు అందిస్తూ. "నేను ఇంకోటి చెబుతాను. మొన్న మంగళవారం, ఇదే ఊళ్ళో జరిగింది."

మోఖెలే ఉలిక్కిపడి తలెత్తాడు. ఆమె అంతా చెప్పింది. పెన్సిల్ గురించి, పూలబజారు గురించి, శవపేటిక దగ్గర పలికిన మేడమ్ అన్న మాట గురించి, గడియారం గురించి. డబ్బాలో పెట్టుకెళ్ళిన కూసిస్టర్ల గురించి కూడా.

"మీ చెల్లెలి పేరు?" అని అడిగాడు అధ్యక్షుడు. పక్కన రాసుకునే అమ్మాయి కలం ఎత్తి పట్టుకుంది.

"చెప్పను."

"ఇక్కడి రికార్డు రహస్యంగా ఉంచుతాం అమ్మా."

"మీ మీద నమ్మకం లేక కాదు బాబూ. పేరు బయటికొస్తే దాని పెళ్ళి చెల్లదు, పిల్లలకి బడి ఉండదు. అందుకని ఆ చోటు ఖాళీగా వదిలేయండి. నా మెడ మీద ఎవడూ చెయ్యి వెయ్యలేదు. నన్నెవడూ కొట్టలేదు. ఆరేళ్ళ కిందట ఆ దేశం వదిలి, ఆరువేల మైళ్ళ దూరం వచ్చాను. ఆ చట్టం మాత్రం నా మెడలోనే కూర్చుని నాతో వచ్చింది. నా సొంత చెల్లెలు చేతులు చాపితే మొహం తిప్పేసుకున్నాను. రేపు ఆ చట్టం రద్దయినా ఈ మెడ నిటారుగా నిలబడడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలీదు."

రాసుకునే అమ్మాయి పేరు రాయవలసిన చోట ఏమీ రాయకుండా పక్క వరుసకు వెళ్ళింది.

సిబిల్ లేచి నిలబడింది. "ఇది మా ఇంటి వ్యవహారం అంటున్నారట మా ప్రభుత్వం వాళ్ళు. అయ్యా, ఇల్లంటే మాకూ తెలుసు. మా ఇంటిని ముక్కలు చేసింది వాళ్ళే. అక్కకు చెల్లెల్ని పేరు పెట్టి పిలిచే వీల్లేకుండా చేసిన చట్టం ఏ ఒక్క దేశపు సొంత వ్యవహారమూ కాదు. అది నేరం, ఆ నేరం చేసినవాళ్ళని లోకమంతా కలిసి శిక్షించాలి."